గణకలోకం: పేరు ఒకటే, వ్రాత రెండు

మన సంస్థలో పదవీ విరమణకు చేరువైన వారిని ఎవరిని పలకరించినా ఒక సంగతి తప్పక వినవస్తుంది. సర్వీసు రిజిస్టరులో పేరు ఒక విధంగా ఉంటుంది, భవిష్యనిధి ఖాతాలో మరొక విధంగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో మూడవ విధంగా ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరమై ముందు నిలిస్తే, మరొకచోట పూర్తిగా విచ్చుకొని వెనుక చేరుతుంది. మనిషి మాత్రం ఒక్కడే. ముప్పయి సంవత్సరాలుగా ఎదుటి బల్ల వద్ద కూర్చున్న గుమాస్తాకు ఆ విషయం తెలుసు. అయినా కాగితం ఒప్పుకోదు. ప్రమాణపత్రం కావాలి, నోటరీ ముద్ర కావాలి, ఇద్దరు సాక్షులు కావాలి. ఈలోగా రావలసిన సొమ్ము రాకుండా ఆగుతుంది.

ఈ మాసం మేము ప్రస్తావించబోయేది సరిగ్గా ఇటువంటి చిక్కే. కాకపోతే ఇది మనుష్యులకు వచ్చినది కాదు, కంప్యూటర్లకు వచ్చినది. వాటి మూలంగా చివరకు మన సహోద్యోగికే చేరినది.

లెక్కల విభాగంలో ఒక సీనియర్ అసిస్టెంటు గారు నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. తాను చూస్తూ వచ్చిన ఫైళ్ళన్నీ ఉమ్మడి సర్వరులో తన పేరిట ఉన్నాయి. తన స్థానంలోకి వచ్చే ఉద్యోగికి వాటిపై అనుమతి ఇచ్చి, నిశ్చింతగా వెళ్ళిపోవాలని ఆమె సంకల్పం. చివరి పనిదినానికి ముందురోజు మధ్యాహ్నం మా విభాగానికి వచ్చి, "సార్, ఈ ఫైళ్ళు నావే కదా! మరి యజమాని ఎవరూ లేరంటున్నదేమిటి?" అని అడిగారు. వెళ్ళి చూశాము. నిజమే. పదమూడేళ్ళ లెక్కల ఫైళ్ళ ఎదుట ఆమె పేరు ఉండవలసిన చోట వరుసగా 'నోబడీ' అని ఉన్నది. కొత్త ఉద్యోగి పేరు చేర్చి అనుమతి ఇవ్వబోతే, అటువంటి వ్యక్తిని తానెరుగనని సర్వరు తిరస్కరించింది. ఆ కొత్త ఉద్యోగి పక్కనే నిలబడి ఉన్నాడు!

ఏమి జరిగినదో చెప్పడానికి ముందు, ఈ ఉమ్మడి సర్వరు సంగతి కొంత చెప్పాలి. నిత్యం వాడుతున్నా, దాని లోగుట్టు తెలుసుకొనే అవసరం మనలో చాలామందికి రాలేదు.

ఒక యంత్రంలో ఉన్న ఫైళ్ళను మరొక యంత్రం నుంచి, అవి తన దగ్గరే ఉన్నట్లుగా వాడుకొనే ఏర్పాటును నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ అంటారు. పొడిగా చెబితే ఎన్‌ఎఫ్‌ఎస్. దీనిని సన్ మైక్రోసిస్టమ్స్ వారు 1984లో వెలువరించారు. రెండవ రూపాంతరపు వివరాలు 1989లోను, మూడవ రూపాంతరపు వివరాలు 1995లోను అందరూ చదువుకొనేలా ప్రచురితమయ్యాయి. ఆ రెండింటిలోను ఫైలు యజమానిని గుర్తించేది ఒక అంకె. మీరు 1001 అయితే మీ ఫైళ్ళన్నింటి మీదా 1001 అనే ముద్ర పడుతుంది. ఒకే గదిలో నాలుగు యంత్రాలున్నంత కాలం ఈ పద్ధతికి లోటు లేదు. రెండు కార్యాలయాలు కలిసినప్పుడు మాత్రం ఇక్కడి 1001 గారు, అక్కడి 1001 గారు ఒకరి ఫైళ్ళు మరొకరివిగా కనిపించి తికమక మొదలవుతుంది. మన ఉద్యోగుల సంఖ్యలను యూనిట్ల వారీగా ఇచ్చిన రోజుల్లో జీతపు చీటీలు తారుమారైన సంగతి పాతవారికి గుర్తుండే ఉంటుంది.

అందువల్ల నాలుగవ రూపాంతరంలో అంకెకు బదులు పేరు వచ్చింది. ఈ రూపాంతరం 2000 డిసెంబరులో ఒకసారి, మెరుగులు దిద్దుకొని 2003 ఏప్రిల్‌లో మరొకసారి ప్రచురితమైంది. ఇందులో యజమాని పేరు ఈ-మెయిల్ చిరునామాను పోలి ఉంటుంది. ముందు వ్యక్తి పేరు, నడుమ 'ఎట్' గుర్తు, వెనుక డొమైన్ పేరు. ఎవరు అన్నది ముందుభాగం చెబుతుంది, ఎవరి తాలూకు అన్నది వెనుకభాగం చెబుతుంది. మన పల్లెల్లో మనిషిని ఊరి పేరుతో కలిపి చెప్పుకోవడం వంటిదే. సర్వరూ, దానిని వాడుకొనే క్లయింటు యంత్రమూ తమ తమ డొమైన్ పేరును ఒక అమరిక ఫైలులో వ్రాసుకొని ఉంచుకుంటాయి. వచ్చిన పేరులోని వెనుకభాగం తన దానితో సరిపోలితే మనవాడే అనుకొని, ముందుభాగాన్ని తన జాబితాలో వెతుకుతాయి. సరిపోలకపోతే పరాయివాడు. పరాయివానికి అవి ఇచ్చే పేరే ఆ 'నోబడీ'.

ఇక్కడ ఒక సవరణ చెప్పుకోవాలి. 2015 నాటి సవరణ ప్రకారం పేరుకు బదులు అంకెనే అక్షరాలుగా వ్రాసి పంపే వెసులుబాటు కూడా ఉన్నది. చాలా యంత్రాలు నేటికీ దానినే వాడుకుంటున్నాయి. మా విభాగంలో మాత్రం రెండు యూనిట్ల జాబితాలు కలిసిన కారణంగా ఆ వెసులుబాటును మూసివేసి, పేర్లతోనే నడుపుతున్నాము. అందువల్లనే ఈ కథ.

ఇక డొమైన్ పేర్లు. ఇంటర్నెట్టులో డొమైన్ పేర్ల వ్యవస్థ ఏర్పడిన నాటి నుంచి పేరులో వాడదగినవి రోమను అక్షరాలు, అంకెలు, చిన్న అడ్డగీత మాత్రమే. చుక్కకూ చుక్కకూ నడుమ ఉన్న ఒక్కొక్క భాగం 63 బైట్లకు మించరాదు. ప్రపంచంలో సగం మందికి తమ పేరు తమ లిపిలో వ్రాసుకొనే వీలు లేకపోవడం అన్యాయమే. కానీ కోట్ల కొలది యంత్రాలలో పాతుకుపోయిన నియమాన్ని మార్చడమూ సాధ్యం కాదు. 2003లో దీనికొక నడిమి మార్గం కనుగొన్నారు. మనిషి తన లిపిలో వ్రాస్తాడు, యంత్రం దానిని రోమను అక్షరాలూ అంకెలూ కలిసిన మరొక రూపంలోకి మార్చి తంతి మీద పంపుతుంది. ఆ మార్పిడి పద్ధతికి ప్యూనీకోడ్ అని పేరు. రూపొందించినవారు ఆడమ్ కాస్టెల్లో. మన లిపిలో ఉన్న రూపాన్ని యు-లేబుల్ అని, మార్చిన రూపాన్ని ఏ-లేబుల్ అని వ్యవహరిస్తారు.

మన తెలుగు సంగతే చూడండి. దేశానికి సంబంధించిన డొమైన్ పేరు తెలుగుతో సహా ఏడు లిపుల్లో 2011లో ఇంటర్నెట్టు మూలపట్టికకు ఎక్కింది. దేవనాగరిలో ప్రజలకు నమోదు 2014 ఆగస్టులో మొదలైంది. తెలుగు లిపిలోని 'భారత్' అనే పేరు తంతి మీద ప్రయాణించేటప్పుడు ఎలా ఉంటుందో తెలుసా? ముందు ఎక్స్, ఎన్, ఆపైన రెండు అడ్డగీతలు, తరువాత వరుసగా ఎఫ్, పి, సి, ఆర్, జె, 9, సి, 3, డి. మొత్తం పదమూడు అక్షరాలు. కుతూహలం కొద్దీ కాగితం మీద ఆ గుణకార భాగహారాలన్నీ మేమే చేసి చూశాము. ఒక ఆదివారపు మధ్యాహ్నం దానికే సరిపోయింది. తొలి మూడక్షరాలు త-కారం ఏ అంకెలో ఉన్నదో, ఎక్కడ చేరాలో చెబుతాయి. మిగిలినవి భ, ర, దీర్ఘం, పొల్లు వరుసగా ఎక్కడెక్కడ ఇరకాలో చెబుతాయి. అక్షరాలను మనం చదివే వరుసలో కాక, వాటి అంకెల వరుసలో పేర్చుకుంటూ పోతుందన్నమాట. ఇంట్లో ఇంజనీరింగు చదివే పిల్లలుంటే ఈ లెక్క చేయించండి. కాలక్షేపానికి గళ్ళనుడికట్టు కంటే మేలు.

ఆ ఆరంభపు ఎక్స్-ఎన్ గుర్తు చూడగానే ఇది మారువేషంలో ఉన్న పేరని యంత్రం గ్రహించాలి. గ్రహిస్తే రెండూ ఒక్కటే. గ్రహించకపోతే రెండూ రెండు వేర్వేరు పేర్లు.

మా సర్వరులో జరిగినది ఇదే. ప్రయోగాత్మకంగా మా విభాగపు అంతర్గత నెట్‌వర్కుకు తెలుగులో ఒక పేరు పెట్టుకున్నాము. సర్వరు అమరిక ఫైలులో ఆ పేరును మాలో ఒకరు ముచ్చటపడి తెలుగు అక్షరాలతోనే వ్రాశారు. క్లయింటు యంత్రాలలో మాత్రం ఆ గడిని ఖాళీగా వదిలివేశారు. ఖాళీగా వదిలితే యంత్రం తన సొంత నెట్‌వర్కు పేరు నుంచి డొమైన్ భాగాన్ని తీసుకుంటుంది. అది రోమను అక్షరాల మారురూపంలో ఉంటుంది. సర్వరు నుంచి "ఫలానావారు, తెలుగు పేరు గల డొమైను" అని వస్తే, క్లయింటు తన మారురూపంతో బైటు పక్కన బైటు పెట్టి పోల్చి, కాదని తేల్చింది. అటు నుంచి "ఫలానా ఉద్యోగికి అనుమతి ఇవ్వు" అని మారురూపంలో వెళితే సర్వరు కాదన్నది. సర్వీసు రిజిస్టరు, బ్యాంకు పుస్తకం ఎదురుబొదురుగా కూర్చొని ఒకరినొకరు ఎరుగమన్నట్లు!

చిత్రమేమిటంటే ఎవరి ఫైలూ పోలేదు. సర్వరు లోపల యజమాని అంకె పదిలంగానే ఉన్నది. ఆమె వాటిని తెరవగలిగారు, మార్చగలిగారు. పేరు చెప్పవలసిన చోట, పేరుతో అనుమతి ఇవ్వవలసిన చోట మాత్రమే పని ఆగింది. అందువల్లనే కొన్ని వారాలపాటు ఎవరూ గమనించలేదు. గమనించిన రోజుకు ఆమెకు మిగిలినది ఒక్క పనిదినం.

ఇటువంటి పరిస్థితిలో సాఫ్ట్‌వేరు ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు సమాధానం ఒక్కసారిగా దొరకలేదు. 2003 నాటి ఎన్‌ఎఫ్‌ఎస్ నిబంధనలు అంతర్జాతీయ లిపుల కోసం ఒక అధ్యాయమే కేటాయించాయి. పేర్లను పోల్చే ముందు ప్రతి పేరునూ ఒక నిర్ణీత పద్ధతిలో శుద్ధి చేయాలని, ఫైలు పేర్లకు ఒక పద్ధతి, యజమాని పేర్లకు ఒక పద్ధతి అని విధించాయి. యజమాని పేరులో 'ఎట్' గుర్తుకు ముందున్నది ఒక తీరుగా, వెనుకనున్నది డొమైన్ పేర్ల తీరుగా శుద్ధి చేయాలి. కాగితం మీద చక్కగానే ఉన్నది. ఆచరణలో సాఫ్ట్‌వేరు వ్రాసినవారు దానిని దాదాపుగా పట్టించుకోలేదు. శుద్ధి పట్టికలు యూనికోడ్ 3.2వ రూపాంతరానికి కట్టుబడి ఉండటం ఒక కారణం. యూనికోడు ఏటా పెరుగుతున్నది, పట్టిక మాత్రం కదలదు. మరొక కారణం ఇంకా బలమైనది. ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వరు తానుగా ఫైళ్ళను దాచుకోదు. దాని అడుగున వేరొక ఫైలు వ్యవస్థ ఉంటుంది. పేర్లను ఎలా దాచాలో, ఎలా పోల్చాలో ఆ అడుగు వ్యవస్థకు దాని అలవాట్లు దానికున్నాయి. పై అధికారి ఉత్తరువు కింది కార్యాలయపు ఆనవాయితీకి ఎదురైనప్పుడు ఏది నెగ్గుతుందో మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

2015 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 7530 అనే పత్రం వచ్చింది. సంపాదకులు థామస్ హేన్స్, డేవిడ్ నోవెక్. ఇది పాత అధ్యాయాన్ని తొలగించి, వాస్తవంలో నడుస్తున్నదానికి దగ్గరగా కొత్త అధ్యాయాన్ని వ్రాసింది. అందులో మాకు నచ్చినది ఒక విభజన. ఫైలు పేరు వేరు, డొమైన్ పేరు వేరు అని అది స్పష్టంగా గీత గీసింది.

ఫైలు పేరు ఎవరిది? వ్రాసుకొన్న మనిషిది. మీరు 'నివేదిక' అని పేరు పెడితే దానిని సవరించే హక్కు సర్వరుకు లేదు. మీరు ఇచ్చిన రూపంలోనే దాచాలి. రెండు రూపాలు నిజానికి ఒకే పేరైతే పోల్చేటప్పుడు ఒకటిగా చూడవచ్చు, దాచేటప్పుడు మాత్రం చేయి పెట్టకుండుట మేలు. ఈ విషయంలో నిర్ణయాన్ని ఆ పత్రం చాలావరకు అడుగున ఉన్న ఫైలు వ్యవస్థకే విడిచింది.

డొమైన్ పేరు అలా కాదు. అది ఏ ఒక్క సర్వరుకూ సొంతం కాదు. దాని అర్థం ఇంటర్నెట్టు మొత్తానికి ఒకటే కావాలి. కనుక దానిని ఎలా చదవాలో నిర్ణయించే అధికారం ఎన్‌ఎఫ్‌ఎస్‌కు లేదని, డొమైన్ పేర్ల నిబంధనలనే అనుసరించాలని ఆ పత్రం అన్నది. పంపేవారు సాధ్యమైనంతవరకు తమ లిపిలోని సహజరూపాన్ని, అంటే యు-లేబులును పంపాలి. వీలుకాకపోతే మారురూపమైనా పంపవచ్చు. పుచ్చుకొనేవారు మాత్రం ఏ రూపంలో వచ్చినా స్వీకరించగలగాలి. ఎక్స్-ఎన్ గుర్తు తగిలించుకొని లోపల అర్థంలేని అక్షరాలున్న దొంగపేరు వస్తే, చెల్లని విలువ అనే దోషసంకేతంతో సర్వరు తిప్పికొట్టాలి.

యజమాని పేరులో వచ్చే డొమైను విషయంలో రెండు మార్గాలు చూపింది. మొదటి మార్గంలో సర్వరు ఏ రూపంలో వచ్చిన పేరునైనా సహజరూపంలోకి మార్చుకుంటుంది. మారురూపంలో ఇచ్చిన పేరును తిరిగి అడిగితే మన లిపిలో కనిపించవచ్చు. రెండవ మార్గంలో సర్వరు ఏమీ మార్చదు, ఇచ్చినది ఇచ్చినట్లే తిరిగి ఇస్తుంది. ఈ రెంటిలో మొదటిదే మేలని పత్రం సలహా. సలహా మాత్రమే, శాసనం కాదు. అక్కడే మా వంటివారికి చిక్కు. మా సర్వరు మొదటి మార్గంలో నడచి ఉంటే, సీనియర్ అసిస్టెంటు గారి చివరి రోజుల్లో ఈ హైరానా ఉండేది కాదు. రెండవ మార్గం కూడా నియమం ప్రకారం తప్పు కాదు. కాకపోతే దానిని ఎంచుకొన్నవారు అన్ని యంత్రాలలోను ఒకే వ్రాత ఉండేటట్లు చూసుకొనే బాధ్యత తామే మోయాలి.

మార్చడం అంటే తేలిక అనుకోరాదు. తెలుగు వ్రాసేవారికి ప్రత్యేకంగా తగిలే మెలికలు రెండు ఉన్నాయి. వాటిని కొంత నిదానంగా చూడాలి.

మొదటిది ఐత్వం. 'హైదరాబాద్' అని కంప్యూటరులో వ్రాస్తే హ-కారం పక్కన ఐత్వపు గుర్తు ఒకే అక్షరసంకేతంగా చేరవచ్చు. లేదా ఎత్వమూ, దాని కిందికి వచ్చే తోకా రెండు సంకేతాలుగా విడివిడిగా చేరవచ్చు. తెర మీద రెంటికీ ఇసుమంత తేడా ఉండదు. తెలుగు అక్షరం ఒక్కొక్కటి యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటుంది కనుక మొదటి హైదరాబాదు 27 బైట్లు, రెండవ హైదరాబాదు 30 బైట్లు. తెలుగు గుణింతంలో యూనికోడు ప్రకారం ఇలా రెండుగా విడివడేది ఐత్వం ఒక్కటే. డొమైన్ పేర్ల నిబంధనలు ఈ రెంటినీ కలిపి ఒకే సంకేతంగా చేయాలంటాయి. ఆ నిబంధన పాటించే సాఫ్ట్‌వేరుకు ఊరు ఒకటే. పాటించకుండా బైట్లు లెక్కబెట్టే సాఫ్ట్‌వేరుకు రెండు ఊళ్ళు. ఆపిల్ వారి హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే పాత ఫైలు వ్యవస్థ పేర్లను విడదీసి దాచేది. అందులోంచి తెచ్చిన ఫైలు పేర్లు ఇతర యంత్రాల మీద వెతికితే దొరకకపోవడానికి ఇటువంటి విడదీతే కారణం.

రెండవది కంటికి కనబడని గుర్తు. 'సాఫ్ట్‌వేర్' అని వ్రాయాలంటే ట-కారపు పొల్లు తరువాత వ-కారం వత్తుగా కిందికి పోకుండా ఆపాలి. అందుకు నడుమ ఒక గుర్తు పెడతాము. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, అనగా వెడల్పు లేని విడదీత గుర్తు. కనబడదు కానీ ఉన్నది, 3 బైట్లు తింటుంది. తెలుగులో టైపు చేసేవారు దీనిని రోజూ వాడుతున్నారు, చాలామంది తెలియకుండానే. 2003 నాటి డొమైన్ నిబంధనలు ఈ గుర్తును నిశ్శబ్దంగా తొలగించేవి. 2008 నిబంధనలని వ్యవహరించే కొత్త నిబంధనలు 2010 ఆగస్టులో ప్రచురితమయ్యాయి. ఇవి పొల్లు తరువాత వచ్చే ఈ గుర్తును అర్థవంతమైనదిగా ఉంచుతాయి. అంటే పాత నిబంధనలో ఒకే పేరుగా ఉన్నవి కొత్త నిబంధనలో రెండు పేర్లు కాగలవు. పాత కొత్తల నడుమ ఇలా మాట మార్చిన అక్షరాలు ప్రపంచం మొత్తంలో నాలుగే. జర్మను భాషలో రెండు ఎస్‌లకు బదులు వ్రాసే అక్షరం, గ్రీకులో పదాంతాన వచ్చే సిగ్మా, తక్కిన రెండూ మన లిపుల్లో వాడే కలిపే గుర్తు, విడదీసే గుర్తు. నాలుగింట రెండు మన వాకిట్లోనే ఉన్నాయన్నమాట.

ఇంటర్నెట్టు మూలపట్టికలో ఈ కనబడని గుర్తులను అనుమతించరు. ఆ తెలివిడి మంచిదే. కానీ ఒక కార్యాలయం తన లోపలి నెట్‌వర్కుకు పేరు పెట్టుకొనేటప్పుడు అడ్డు చెప్పేవారు ఎవరు? అందుకే లోపలి పేర్లలో పొల్లు తరువాత విడదీత అవసరమయ్యే మాటలు వద్దని మేము మా విభాగంలో ఒక నియమం పెట్టుకున్నాము. 'సాఫ్ట్‌వేర్' అనే మాట నిషిద్ధమైన సాఫ్ట్‌వేరు విభాగం మాదే కావచ్చు!

తెలుగు, కన్నడ లిపుల్లో ర, ల, జ వంటి అక్షరాలు దాదాపు ఒకే పోలికతో ఉండటం మూడవ మెలిక అని కొందరు మిత్రులు అన్నారు. మోసగాళ్ళకు అది పనికివచ్చే మాట నిజమే. కానీ మా ప్రస్తుత సమస్యకు అది దూరం. ఆ రెండూ నిజంగానే వేర్వేరు పేర్లు, వేర్వేరుగానే ఉండాలి.

డొమైన్ పేరు ఎన్‌ఎఫ్‌ఎస్‌లో మరొకచోట కూడా వస్తుంది. ఒక సర్వరులోని ఫైళ్ళను మరొక సర్వరుకు తరలించినప్పుడు, పాత సర్వరు క్లయింటుతో "ఆ సంచయం ఇక్కడ లేదు, ఫలానా సర్వరుకు వెళ్ళు" అని చెబుతుంది. ఇల్లు మారిన వారి తలుపు మీద అంటించిన చీటీ వంటిది. ఆ చీటీ మీద కొత్త సర్వరు పేరు తెలుగులో ఉన్నదనుకుందాం. క్లయింటు దానిని మారురూపంలోకి తిప్పి డొమైన్ పేర్ల వ్యవస్థను అడగాలి. చిరునామా వెతికే సాధారణ ఉపకరణం తనంతట తానుగా ఈ తిప్పడం చేయదు, అడిగితేనే చేస్తుంది. అడగాలంటే ప్రోగ్రాము వ్రాసినవారు ఏఐ-ఐడీఎన్ అనే గుర్తును పెట్టి ఉండాలి. పెట్టకపోతే చిరునామా దొరకదు.

ఇక్కడ సర్వరుకూ క్లయింటుకూ ఒక తేడా ఉన్నది. చెల్లని పేరు వస్తే సర్వరు తప్పని చెప్పగలదు. క్లయింటు ఎవరికి చెబుతుంది? ఆ పేరును పక్కకు నెట్టి ఊరుకుంటుంది, లేదా దాని స్థానంలో మరేదో పెట్టుకుంటుంది. మా అనుభవంలో సర్వరు అరచినది నయం. క్లయింటు మౌనంగా 'నోబడీ' అని వ్రాసుకొని ఊరుకున్నందువల్లనే వారాల తరబడి సంగతి బయటపడలేదు.

ఆ మధ్యాహ్నం మేము చేసినది చాలా చిన్నపని. సర్వరు అమరిక ఫైలులోని తెలుగు పేరును తీసి, క్లయింటులలో ఉన్న మారురూపాన్నే అక్కడ వ్రాశాము. క్లయింటులలో ఖాళీగా ఉన్న గడిని కూడా ఖాళీగా వదలక, అదే మారురూపంతో నింపాము. పేర్లను గుర్తుపెట్టుకొనే తాత్కాలిక జాబితాను చెరిపి, సేవను తిరిగి ప్రారంభించాము. తెర మీద నోబడీలందరూ మాయమై ఆమె పేరు వరుసగా నిలిచింది. కొత్త ఉద్యోగికి అనుమతి ఇవ్వడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

తెలుగు పేరును మా చేతులతో మేమే తీసివేయవలసి రావడం మాకు సంతోషంగా లేదు. పత్రం చెప్పినది అందుకు విరుద్ధం. సహజరూపమే ముందు, మారురూపం గత్యంతరం లేనప్పుడు అన్నది. 1990లలో జిస్ట్ కార్డు పెట్టుకొని తెలుగు అక్షరం తెర మీద చూసి పొంగిపోయిన తరం మాది. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఇన్నేళ్ళ తరువాత ఒక అమరిక ఫైలులో తెలుగును పెట్టి మళ్ళీ తీయవలసి వచ్చిందంటే, ఆ లోపం లిపిలో లేదు. మారురూపాన్ని విప్పి చూడటానికి అవసరమైన నాలుగు పంక్తుల పని ఎవరూ తమదనుకోకపోవడంలో ఉన్నది. అడుగు వ్యవస్థ పైవారిది అంటుంది, పైవారు డొమైన్ వ్యవస్థది అంటారు. ఫైలు మీద 'తగు చర్యకై' అని వ్రాసి పక్క విభాగానికి పంపే పద్ధతి సాఫ్ట్‌వేరులోను ఉన్నదని తెలిసి ఆశ్చర్యపడ్డాము.

ఇతర యూనిట్లలో ఉమ్మడి సర్వర్లు చూసే మిత్రులు కొన్ని సంగతులు పరీక్షించి చూడవలసినదిగా కోరుతున్నాము. డొమైను గడి ఏ యంత్రంలోనైనా ఖాళీగా ఉన్నదేమో చూడండి. ఉంటే నింపండి, అన్నింటిలోను బైటు తప్పకుండా ఒకే వ్రాత ఉంచండి. సాఫ్ట్‌వేరు సరఫరాదారును కొనుగోలుకు ముందే ఒక ప్రశ్న అడగండి: యజమాని పేరులో డొమైను మారురూపంలో ఇచ్చి, తిరిగి అడిగితే ఏ రూపంలో వస్తుంది? సమాధానం ఏదైనా ఫరవాలేదు. సమాధానమే తెలియకపోతే మాత్రం జాగ్రత్తపడవలసినదే. 'హైదరాబాద్' అనే పేరును రెండు విధాలా వ్రాసి ఒక సంచయంలో పెట్టి చూడండి. రెండూ పక్కపక్కన కనిపిస్తే మీ వ్యవస్థ బైట్లు లెక్కబెట్టే రకం. మరొక చిన్నమాట. చాలా ఫైలు వ్యవస్థలలో ఒక పేరుకు 255 బైట్ల పరిమితి ఉన్నది. రోమను లిపిలో అది 255 అక్షరాలు. తెలుగులో గుణింతపు గుర్తులు, పొల్లులు కూడా విడివిడిగా లెక్కకు వచ్చి 85 మాత్రమే. ఉత్తరం మొదటి వాక్యాన్నంతా ఫైలు పేరుగా పెట్టే అలవాటున్న మిత్రులు గమనించగలరు.

ఆ సీనియర్ అసిస్టెంటు గారు మరునాడు సాయంత్రం వీడ్కోలు సభకు ముందు మా విభాగానికి వచ్చి, ఫైళ్ళ జాబితా ఒక ప్రతి అచ్చువేసి ఇమ్మని అడిగారు. ప్రతి వరుసలోను తన పేరు ఉన్నదో లేదో వేలుపెట్టి చూసుకున్నారు. ఆ తరువాత తన పింఛను కాగితాలు తీసి, అందులో తన పేరు మూడు విధాలుగా ఉన్నదని, దీనికి కూడా ఏదైనా అమరిక ఫైలు ఉంటే సరిచేయమని అడిగారు. దానిని సిబ్బంది విభాగానికి పంపించాము.